నమూనా ట్యాంకు గొలుసు: పిల్లలతో కలిసి నేను నేర్చుకున్న పాఠం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలూ సైన్సూ చెప్పేవాణ్ణి. రోజంతా ఉర్దూలోనే పాఠం చెప్పడం వల్ల సభలో తెలుగు మాట్లాడే అలవాటు తక్కువ. అయితే కార్యదర్శిగారు, “మాస్టర్ సాబ్, సావనీరులో కూడా వేసుకుంటాం, తెలుగులోనే చెప్పండి” అన్నారు. కనుక భాషలో తప్పులుంటే మన్నించవలసిందిగా మనవి.

చదువు గొప్పతనం మీద ఈ సభలో పెద్దలు చాలా చెప్పారు. నేను అంత పెద్ద విషయం ఎత్తుకోను. ఈ బల్ల మీద పెట్టిన చిన్న బండిని గురించి మాత్రమే చెప్తాను. ఇది ట్యాంకు నమూనా. పొడవు సుమారు 49 సెంటీమీటర్లు, వెడల్పు 22. పై భాగం అట్టతోనూ ప్లైవుడ్‌తోనూ చేసినది. దాన్ని ఎవరైనా చేయగలరు. కష్టమంతా కిందనున్న ఈ రెండు గొలుసులలో ఉంది. ఈ గొలుసుల కోసం మేము ఏడు నెలలు పడ్డ పాట్లు చెప్తే మీకు విసుగు రాదనే అనుకుంటున్నాను.

“పిల్లలకు ట్యాంకు ఎందుకు మాస్టర్, యుద్ధపు బండి కదా?” అని ఇందాక ఒక పెద్దమనిషి అడిగారు. మంచి ప్రశ్నే. అయితే ఈ గొలుసు పుట్టింది యుద్ధం కోసం కాదు, పొలం కోసం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాక్టన్ అనే ఊరి దగ్గర నేల మెత్తటిది. ఆవిరి ట్రాక్టర్లు ఆ నేలలో కూరుకుపోయేవి. చక్రాలు ఎంత వెడల్పు చేసినా లాభం లేకపోయింది. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన వెనక చక్రాలు తీసేసి, కొయ్య పలకలు బిగించిన గొలుసులు తొడిగి, 1904 నవంబరులో నడిపి చూశాడు. బండి కూరుకుపోలేదు. ఈరోజు మన ఊళ్ళో చెరువు పూడిక తీసే పొక్లెయిన్ నడిచేదీ, తడి ఆరని వరి మళ్ళలో దిగే చైన్ కోత మిషను నడిచేదీ ఆ ఉపాయం మీదనే.

ఇందులో రహస్యం ఏమీ లేదు. బండి తన రోడ్డును తానే ముందు పరుచుకుంటుంది, దాని మీద నడుస్తుంది, వెనక నుంచి ఎత్తుకుని మళ్ళీ ముందుకు తెచ్చుకుంటుంది. బరువు నాలుగు చక్రాల కింద కాక పొడుగాటి పట్టీ మీద పడుతుంది. మేము నమూనాగా తీసుకున్నది షెర్మన్ ట్యాంకు. దాని బరువు సుమారు 30 టన్నులు. నేలను తాకే గొలుసు వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో మాత్రమే పడుతుంది. ఈ లెక్క పిల్లల చేత చేయించినప్పుడు నమ్మలేక రెండోసారి చేశారు.

షెర్మన్‌నే ఎందుకు తీసుకున్నామంటే రెండు కారణాలు. ఒకటి, దాని కొలతలన్నీ పుస్తకాలలో దొరుకుతాయి. రెండు, 1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర డెక్కన్ హార్స్ దళం నడిపిన ట్యాంకులు ఇవే. ఆ దళం పుట్టుక మన నిజాం సంస్థానపు గుర్రపు సేనలో ఉంది. అబ్దుల్ హమీద్ ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన పోరాటం కూడా అదే. పిల్లలకు ఆ కథ తెలుసు కాబట్టి బండి మీద మక్కువ కలిగింది.

ఇక అసలు కథ. నిరుడు మా బడి నుంచి ఒక సైన్సు ప్రదర్శనకు నమూనా తీసుకుపోవలసి వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో మంచి మార్కులు వచ్చే ముగ్గురిని ఎంచుకున్నాను. వెనక బెంచీ వైపు చూడలేదు. ఆ సంగతి తరువాత చెప్తాను.

షెర్మన్ గొలుసులో ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి దూరం 6 అంగుళాలు. దీన్ని పిచ్ అంటారు. ఒక్కో వైపు లింకులు 79. ముందరనున్న పళ్ళ చక్రానికి 13 పళ్ళు. ఇంజను శక్తి ఆ చక్రానికి వస్తుంది, అది గొలుసును లాగుతుంది. వెనక నున్నది పళ్ళు లేని చక్రం, గొలుసు బిగువు చూసేది. మధ్యలో బరువు మోసేవి ఆరు, పైన గొలుసును ఆపేవి మూడు చిన్న రోలర్లు. మేము పన్నెండో వంతు కొలతకు చేయాలనుకున్నాము, అంటే అడుగుకు ఒక అంగుళం. 6 అంగుళాల పిచ్ అర అంగుళమవుతుంది, అంటే 12.7 మిల్లీమీటర్లు.

నూనె డబ్బా రేకు కత్తిరించి, రెండు అంచులూ చుట్టి, అందులో సైకిలు పుల్లల ముక్కలు పిన్నులుగా దూర్చి లింకులు చేశాము. రెండు వైపులా కలిపి 158. పిల్లల వేళ్ళు తెగాయి, బ్యాండేజీలు కట్టుకుని చేశారు. ప్రతి లింకునూ స్కేలు పెట్టి చూశాము, అన్నీ సరిగ్గానే కనిపించాయి. పళ్ళ చక్రం ముందే కోసి సిద్ధంగా పెట్టుకున్నాము. గొలుసు తొడిగితే కొంచెం వదులుగా వేలాడింది. “ఏం ఫరవాలేదు, నడుస్తుంది” అన్నాను. ఆ మాట అన్నది పిల్లలు కాదు, నేనే.

ప్రదర్శన రోజు బండి బల్ల మీద రెండడుగులు చక్కగా పోయింది. పరీక్షకులు వచ్చి, “తిప్పి చూపించండి” అన్నారు. ఎడమ మోటారు ఆపగానే బండి తిరగబోయింది, కుడి గొలుసు పళ్ళ మీద నుంచి టకటకమని ఎగిరి పక్కకు ఊడి పడింది. మళ్ళీ తొడిగాము, మళ్ళీ ఊడింది. వారు ఏమీ అనలేదు, నవ్వి పక్క బల్లకు వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురు పిల్లలూ ఒక్క మాట మాట్లాడలేదు. చిన్నవాడు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

మరునాడు నేను గొలుసు విప్పి నేల మీద పరిచి టేపుతో కొలిచాను. 79 లింకులు 12.7 చొప్పున 1003 మిల్లీమీటర్లు రావాలి. వచ్చింది 1019. పదహారు మిల్లీమీటర్లు ఎక్కువ! ఒక్కో లింకులో తప్పు 0.2 మిల్లీమీటరే, కంటికి కనపడదు, స్కేలుకు అందదు. రేకు చుట్టలో పిన్నుకు కాస్త సందు, లాగితే ఆ సందు సాగుతుంది. అది 79 సార్లు కూడింది. ఒక లింకును మించిన తప్పయింది. గొలుసు పిచ్ పెరిగింది, చక్రం పళ్ళ పిచ్ పెరగలేదు. రెండూ కలవనప్పుడు గొలుసు పళ్ళెక్కక ఏం చేస్తుంది?

ఇక్కడ పిల్లలకు ఒక చరిత్ర చెప్పాను. ఇంగ్లాండులో లింకన్ పట్టణంలో 1915లో ట్రిట్టన్, విల్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు మొట్టమొదటి ట్యాంకు చేశారు. దాన్ని ‘లిటిల్ విల్లీ’ అన్నారు. అమెరికా నుంచి తెప్పించిన గొలుసులు దానికి వేశారు. కందకం దాటేటప్పుడు గొలుసు కిందికి జారి చక్రాల నుంచి ఊడిపోయేది. తరువాత యంత్రాల బెల్టులకు వాడే బలాటా అనే జిగురు పట్టాలతో ప్రయత్నించారు, అదీ నిలవలేదు. చివరకు ఉక్కు పలకలను కీళ్ళ లింకులకు రివెట్లు కొట్టి, గొలుసు జారకుండా పట్టు ఏర్పాటు చేసి, ట్రిట్టన్ కొత్త గొలుసు తయారు చేశాడు. ఆ గొలుసు నిలిచాకే ట్యాంకు అనేది నిలిచింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో మొదటిసారి యుద్ధానికి పోయింది. “అంతటి కర్మాగారంలోనే గొలుసు ఊడింది, మన నూనె డబ్బా రేకు ఏపాటి?” అన్నాను. ముగ్గురూ మొదటిసారి నవ్వారు.

మేము ఇట్లా కొలుస్తుంటే గుమ్మం దగ్గర ఒక అబ్బాయి నిలబడి చూస్తున్నాడు. ఇతను కూడా అదే తరగతి. వారంలో మూడు రోజులు బడికి వస్తాడు, మిగతా రోజులు సైకిలు షాపులో ఉంటాడు. వచ్చిన రోజున వెనక బెంచీలో కూర్చుంటాడు. లెక్కలలో అతనికి 11 మార్కులు దాటగా నేను చూడలేదు. పేరు చెప్పవద్దని అతనే అన్నాడు కాబట్టి చెప్పను.

“ఏం బేటా?” అన్నాను.

“సర్, ఇది పాత చైన్ లాగా సాగింది. వెనక చక్రం జరగదా?” అన్నాడు.

మేము వెనక చక్రాన్ని మేకుతో బిగించేశాము. “జరగదు” అన్నాను.

“సైకిలుకు చైన్ ఊడుతుంటే వెనక చక్రం నట్లు వదులు చేసి వెనక్కి లాగుతాం కదా సర్. ఇది కూడా చైనే కదా.”

నిజమే. అసలు షెర్మన్‌లో కూడా వెనక చక్రం ఇరుసును కొద్దిగా ముందుకూ వెనక్కూ జరిపి బిగువు సరిచేస్తారు. పుస్తకంలో ఆ బొమ్మ నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. ప్రతిరోజూ చేతితో చేసేవాడికి అది మొదట కనపడింది.

ఆ తరువాత అతనే ఇంకో మాట అన్నాడు. “లింకులు చేయడం ఎందుకు సర్, సైకిలు చైన్ వేద్దాం.” కొలిచి చూస్తే ఏమిటనుకున్నారు? సైకిలు గొలుసు పిచ్ సరిగ్గా అర అంగుళం! మేము వారాల తరబడి రేకు చుట్టి రాబట్టలేని 12.7 మిల్లీమీటర్లు ప్రతి సైకిలు షాపు మూలలో మేకుకు వేలాడుతోంది.

పాత గొలుసులలో మంచివి ఏరడం కూడా అతనే నేర్పాడు. 24 లింకులు లాగి పట్టి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే ఆ గొలుసు పని అయిపోయినట్టే. ఒక్క లింకు కొలవడు, ఇరవై నాలుగు కలిపి కొలుస్తాడు. ఒక దానిలో కనపడని తప్పు ఇరవై నాలుగింటిలో కనపడుతుంది. భౌతికశాస్త్రం ప్రయోగశాలలో మనం నేర్పే సూత్రం అదే. షాపు ఉస్తాద్ అది నేర్పాడు, నేను నేర్పలేదు.

మంచి మార్కుల వాడు లేచి, “79 లింకులు కత్తిరించు” అన్నాడు. సైకిలు షాపు అబ్బాయి నవ్వాడు. “79 కలవదు. చైన్‌లో ఒకటి బయటి లింకు, ఒకటి లోపలి లింకు. జత జతగానే కలుస్తుంది. 78 కానీ 80 కానీ.” 80 అనుకున్నాము. పెరిగిన లింకును వెనక చక్రం జరిపి సరిచేయవచ్చు.

ఇక పళ్ళ చక్రం. 13 పళ్ళది కావాలి. సైకిలు ఫ్రీవీల్ 18 పళ్ళది, మా నమూనాకు పెద్దదవుతుంది. కాబట్టి 3 మిల్లీమీటర్ల ఇనుప రేకులో మేమే కోయాలి. మొదటి మార్కుల అబ్బాయి లెక్క వేశాడు: 13 సార్లు 12.7 అంటే 165.1, దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం 52.6 మిల్లీమీటర్లు. నేనూ సరే అన్నాను. కోసి వేస్తే గొలుసు నాలుగు పళ్ళ దాకా చక్కగా కూర్చుని, తరువాత పైకి లేస్తోంది. అందరం తలలు పట్టుకున్నాము.

ఆ అబ్బాయి చక్రం మీద గొలుసును వేలితో నొక్కుతూ అన్నాడు, “సర్, లింకు పన్ను నుంచి పన్నుకు తిన్నగా పోతుంది. గుండ్రంగా పోదు కదా.”

సోదరులారా, నేను ఇరవై ఏళ్ళుగా వృత్తాల పాఠం చెప్తున్నాను. తెలుగు పుస్తకంలో జ్యా, చాపం అంటారు, మా ఉర్దూ పుస్తకంలో వతర్, ఖౌస్ అంటారు. రెండు బిందువుల మధ్య వంకరగా పోయేది చాపం, తిన్నగా పోయేది జ్యా. గొలుసు లింకు జ్యా. మేము చాపం లెక్క కట్టాము. జ్యా లెక్క ప్రకారం 12.7ను 180/13 డిగ్రీల సైన్‌తో భాగించాలి. వ్యాసం 53.1 వస్తుంది. తేడా అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరుకే గొలుసు పళ్ళెక్కింది. పదో తరగతి త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని పిల్లలు ఏటా అడుగుతారు. ఆ రోజు ఎవరూ అడగలేదు.

చక్రం చేసే పద్ధతి కావలసినవారికి చెప్తాను, రాసుకోండి. రేకు మీద 53.1 వ్యాసం వృత్తం గీయాలి. వృత్తలేఖిని 12.7కు తెరిచి ఆ వృత్తం మీద 13 గుర్తులు పెట్టాలి. చివరి గుర్తు మొదటి గుర్తు మీదికి వస్తే లెక్క సరి, రాకపోతే మళ్ళీ మొదలు. ఒక్కో గుర్తు మీద పంచ్ కొట్టి 8 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. గొలుసు రోలరు అందులో కూర్చుంటుంది. తరువాత రంధ్రాల బయటి రేకును హాక్సాతో కోసి, పళ్ళ కొనలను ఆకురాయితో సన్నం చేయాలి. ముఖ్యమైన మాట ఒకటి: గొలుసు ముందు, చక్రం తరువాత. గొలుసును కొలిచి దానికి తగిన చక్రం చేయాలి గానీ, చక్రం చేసి పెట్టుకుని గొలుసు దానికి కలుస్తుందిలే అనుకోకూడదు.

సైకిలు గొలుసు సన్నటిది, ట్యాంకు గొలుసు వెడల్పుగా కనపడాలి. పన్నెండో వంతున 35 మిల్లీమీటర్లు రావాలి. దీనికి రేకు పలకలు 35 వెడల్పున కత్తిరించి, రెండు చెవులు కిందికి వంచి, బయటి లింకులకు మాత్రమే తగిలించి టంకం వేశాము. బయటి లింకులు 40 కనుక పలకలు 40. మధ్యలో ఒక గీత నొక్కితే 80 లాగా కనపడతాయి. ఇది కొంచెం మోసమే, ఒప్పుకుంటున్నాను. మొదట టంకం బదులు ఆరల్డైట్ వాడితే అది పిన్నులలోకి దిగి అయిదు లింకులు కొయ్యలాగా బిగుసుకుపోయాయి. మోసే చక్రాలకు కప్పీకి ఉన్నట్టు రెండు వైపులా అంచులు పెట్టాము, గొలుసు పక్కకు జారకుండా. వెనక చక్రం ఇరుసుకు పొడుగాటి గాడి కోసి, ఒక బోల్టుతో వెనక్కి లాగే ఏర్పాటు చేశాము.

బడి వరండాలో యాభై సార్లు అటూ ఇటూ తిప్పాము. ఊడలేదు. తరువాత ఇసుక కుప్ప మీద ఎక్కిస్తే ఊడింది! పళ్ళ సందులలో ఇసుక గట్టిపడి గొలుసును పైకి నెట్టింది. పళ్ళ మొదళ్ళను ఇంకొంచెం లోతుగా రాచి, ఇసుక రాలిపోయేందుకు దారి చేశాము. ఆ తరువాత ఊడలేదు.

ఈలోగా ఒక సాయంత్రం ఆ అబ్బాయి అబ్బా బడికి వచ్చారు. సరుకుల ఆటో నడుపుతారు. “మాస్టర్ సాబ్, వాడి పేరు తీసేయండి. చదువు ఎట్లాగూ రాదు, షాపులో పూర్తిగా కూర్చుంటే నాలుగు పైసలు వస్తాయి. ఇంట్లో ఇంకా ముగ్గురున్నారు” అన్నారు. ఆయన కోపంగా అనలేదు, తలవంచుకుని అన్నారు. నేను చదువు గొప్పతనం ఏమీ చెప్పలేదు. చెప్పే ముఖం కూడా నాకు లేదు. వాడిని రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చోబెట్టింది నేనే కదా. బండి తెచ్చి ఆయన కాళ్ళ ముందు నడిపించాను. మెట్టు ఎక్కింది, దిగింది, తిరిగింది. ఆయన వంగి గొలుసును చేత్తో పట్టి చూశారు. “చైన్ టైట్ చేసే బోల్టు ఎవరు పెట్టారు?” అని అడిగారు. “మీవాడే” అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. “పదో తరగతి అయ్యేదాకా చూద్దాం సాబ్” అని వెళ్ళిపోయారు.

మొన్న ఆ అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. లెక్కలలో గొప్ప మార్కులేమీ కావు, పాసు మార్కుల మీద కొంచెం. ఐటీఐలో ఫిట్టర్ సీటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. సాయంత్రాలు ఇప్పటికీ షాపులోనే ఉంటాడు.

ఈ రోజుల్లో త్రీడీ ప్రింటరు అనే యంత్రం ఉంది. కంప్యూటరులో బొమ్మ ఇస్తే ప్లాస్టిక్ లింకులు గంటల్లో చేసిపెడుతుంది. మంచిదే, దొరికినవారు వాడుకోవాలి. అయితే అందులో కూడా 0.2 మిల్లీమీటరు తేడా వస్తే 79 సార్లు కూడుతుంది. జ్యా బదులు చాపం లెక్క ఇస్తే ఆ యంత్రం తప్పు చక్రాన్నే అందంగా చేసి ఇస్తుంది. కొలవడం మనమే నేర్చుకోవాలి.

సంఘం పెద్దలకు చివరిగా ఒక విన్నపం. మనం ఏటా మార్కులు వచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తున్నాము, ఇవ్వవలసిందే. మార్కులు రాని పిల్లలలో చేతి పని తెలిసినవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఎవరో గ్యారేజీలో, ఎవరో టైలరు షాపులో, ఎవరో వెల్డింగ్ దగ్గర. సంఘం కార్యాలయంలో వెనక గది ఖాళీగా ఉంది. అందులో ఒక గట్టి బల్ల, ఒక వైస్, చేతి డ్రిల్లు, నాలుగు ఆకురాళ్ళు, ఒక వెర్నియర్ కాలిపర్స్ ఏర్పాటు చేస్తే, ఆదివారాలు నేను వచ్చి కూర్చుంటాను. జీతం అక్కరలేదు. మార్కులు వచ్చేవాణ్ణీ రానివాణ్ణీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి, అంతే నా షరతు.

మాటలు ఎక్కువయ్యాయి. ఇప్పుడు బండి నడిపి చూపిస్తాను. ముందున్న పిల్లలు కొంచెం జరిగి దారి ఇవ్వండి. నడిపేది నేను కాదు, గొలుసు బిగించినవాడే. అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రా బేటా.

సెలవు.